పక్కింటవ్వ చెట్టురాయి

నాకు ఒక చోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. అన్నం ఉడికేలోపల నాలుగు తూర్లు మూత తీసి చూస్తానంట, అందుకే మా ఇంట్లో మెతుకు ఎప్పుడూ బిరుసేనని మా నాయన అంటాడు. అట్టాంటి నేను నెలన్నర పట్టే పనికి దిగినాను. రాళ్ళు నున్నగా చేసే పని.

మా నాయన బేల్దారి. ఇల్లు కట్టే చోట పెన్న ఇసక జల్లెడ పడితే పైన రాళ్ళు మిగులుతాయి గదా, వాటిని ఎవురూ పట్టించుకోరు. చిన్నప్పుడు నాయనకి క్యారేజీ ఇచ్చేదానికి పోయి, ఆ కుప్పల్లో కూర్చోని ఏరేదాన్ని. కొన్ని తడిపితే తేనె రంగు, లోపల గీతలు గీతలుగా ఉంటాయి. అగేట్లు అంటారంట, ఫోన్లో చూసినాను. ఇంకొన్ని చూసేదానికి అచ్చం కట్టెపేళ్ళే, చేతిలోకి తీసుకుంటే రాయి. ఎప్పటి చెట్లో మట్టిలో పడి రాళ్ళయిపోయినాయంట. మేము చెట్టురాళ్ళు అంటాం.

పదో తరగతితో చదువు ఆపేసి ఇంట్లోనే జాకెట్లు కుడతా ఉంటాను. చేతులు మిషను మీదుంటాయి, మనసు ఆ రాళ్ళ మీదుంటది. నా పోరు పడలేక నాయన పాత కూలరు మోటరుతో ఒకటి తయారు చేసిచ్చినాడు. పక్కపక్కన రెండు ఇనప కడ్డీలు, వాటికి సైకిల్ ట్యూబు తొడుగు, మోటరు నుంచి బెల్టు. కడ్డీల మీద రంగు డబ్బా అడ్డంగా పడుకోబెడితే పొర్లతానే ఉంటది. డబ్బాలో రాళ్ళు, నీళ్ళు, సాన పొడి. ముందు గరుకు పొడి, తర్వాత మెత్తంది, ఆఖర్న మెరుపుకి మిల్లులో దొరికే ఊక బూడిద, పాత వాయిలు చీరలో జల్లించి.

మొదటి తూరి నేను రోజూ మూత తీసినాను. తీసినప్పుడల్లా ఇంత పొడి ఒలికిపోయింది. పది రోజులయినా రాళ్ళు ఎట్టున్నవి అట్టే. నాయన కడ్డీలు కట్టే వైరు తెచ్చి మూతకి మెలేసి బిగించినాడు. రెండు ఆదివారాలు పోయినాకే తీయాలంట, ఈలోపల చెయ్యి పెడితే మోటరు పీకేస్తానన్నాడు. ఆ బురద నీళ్ళు తూములో పోయకూడదని ఇంకో షరతు. ఒకసారి పోస్తే లోపల సిమెంటు మాదిరి గట్టిపడి, పైపు పగలగొట్టాల్సొచ్చింది. అప్పటినుంచి బక్కెట్లో పోసి పెడతా ఉన్నాను.

మా గోడకి ఆనుకోనే ఒక అవ్వ ఉంటది. ఒంటి మనిషి. ఆదివారం చర్చికి, మిగతా రోజులు మా ఇంటికి. డబ్బా గరగరలు విని, మీ ఇంట్లో దెయ్యమేమన్నా నీళ్ళు పుక్కిలిస్తా ఉందా అని అడిగింది మొదటి రోజు. ఆమె దగ్గర ఒక చెట్టురాయి ఉంది, ఖర్జూరమంత. వయసులో ఉండగా పెన్నలో బాప్తిస్మం తీసుకోని, నీళ్ళలోనుంచి లేచి నడస్తా ఉంటే కాలి బొటనవేలికి తగిలిందంట. వంగి తీసి బొడ్లో దోపుకున్నది, ఇంతవరకూ వదల్లేదు. దానికి ఒక పక్క చిన్న గుంట. ప్రార్థన చేసేటప్పుడు చేతి బొటనవేలు అందులో పెట్టుకుంటది. రుద్ది రుద్ది ఆ గుంట తానే పడేట్టు చేసినానంటది. ఇప్పుడు చూపు ఆనదు. ఆ గుంటలో వేలు పెడితేనే మనసు నిలుస్తుందంట.

నేను ఊరుకుంటే గదా. ఆ రాయిని కూడా నున్నగా చేసిస్తానని నాలుగు రోజులు వెంటపడి అడిగినాను.

"పోదు కదా పాపా?" అనింది.

"పోదు అవ్వా. అద్దం మాదిరి చేసిస్తా."

మెత్త రాళ్ళని గట్టి రాళ్ళతో కలపగూడదని నాకు తెలుసు. వేలితో రుద్దితేనే గుంట పడిందంటే అవ్వది మెత్త రాయే. విడిగా వేస్తే ముందు అగేట్లు అయిపోవాల, ఆ తర్వాత ఇంకో నెలన్నర. అన్నాళ్ళు ఎవురాగతారు. అప్పుడే గరుకు పొడితో మొదలుపెడతా ఉన్న అగేట్ల మధ్యలో అవ్వ రాయి పడేసినాను. నాయన చూడకుండానే వైరు బిగించినాడు.

ఈసారి మాత్రం మాట మీద నిలబడినాను, మూత ముట్టలేదు. జాకెట్లకి చేతులు తిరగేసి కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టినాను. రోజూ పొద్దున్నే అవ్వ వచ్చేది, ఉత్త బొటనవేలు చూపుడువేలి మీద రుద్దుకుంటా. ఉందా అని అడిగేది. ఉందవ్వా అనేదాన్ని.

రెండో ఆదివారం ఆమె చర్చిలో ఉండగా తీసినాను. అగేట్లు బలే తేలినాయి. వాటి అడుగున చింతగింజంత ఒక ముక్క దొరికింది. గుంట లేదు. ఎప్పుడూ తీసేదాన్ని, తీయాల్సిన తూరే తీయలేదు. నాయన ఆ ముక్కని చూసి తిట్టకుండా లోపలికి పోయినాడు. తిట్టుంటే బాగుండేది.

నేను ఏరి పెట్టుకున్న రాళ్ళలో వెతికితే అవ్వ రాయి మాదిరిదే ఇంకొకటి దొరికింది. ఆకురాయితో దానికి గుంట కూడా తీసినాను. అవ్వ గడప దాకా తీసుకోని పోతే, అయిందా పాపా అని చెయ్యి చాపింది. ఆ చేతిలో పెట్టలేక, మోటరు చెడిపోయిందని చెప్పి తిరిగొచ్చినాను. రెండు రోజులు ఆమెకి ఎదురుపడలేదు. మూడో రోజు పోయి ఆ చింతగింజ ముక్కే చేతిలో పెట్టినాను.

అవ్వ దాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది. "ఇది నాది కాదు పాపా. నాది డబ్బాలోనే ఉండిపోయింటది, పోయి చూడు."

"ఇది నీదే అవ్వా. మిగతాది బురదయిపోయింది. తొందరపడి గట్టి రాళ్ళతో కలిపేసినాను."

అవ్వ ఆ ముక్క మీద బొటనవేలితో గుంట కోసం తడిమింది. నేను కాళ్ళు మార్చి మార్చి నిలబడినాను. "ఆ బురద యాడ?" అని అడిగింది.

బక్కెట్టు తెచ్చినాను. పైన నీళ్ళు, కింద గట్టిగా పేరుకున్న బూడిద రంగు మడ్డి. మోచేతి దాకా చెయ్యి పెట్టి, పిడికెడు తీసి, వేళ్ళ మధ్య రుద్దతా కూర్చునింది. ఇంత మెత్తనా అని తనలో తనే అనుకునింది. తర్వాత నాయన్ని పిలవమనింది. ఆమె వాకిట్లో మెట్టు అంచు విరిగిపోయి, దిగేటప్పుడల్లా తడబడతా ఉంటది. వానల ముందునుంచీ పూడస్తాను పూడస్తానంటా ఉన్నాడు నాయన. ఈ మడ్డితోనే పూడ్చమనింది.

నాయన మడ్డిలో సిమెంటు కలిపి, మెట్టు నింపి, తాపీతో నున్నగా లాగినాడు. రేపటిదాకా ఎవురూ తొక్కొద్దన్నాడు, నా వైపే చూస్తా. నేను చేతులు కట్టుకోని కూర్చున్నాను. అవ్వ గడప పట్టుకోని మెల్లిగా కాలు చాపింది. బొటనవేలు పచ్చి సిమెంటులో దించింది, తీసింది.

"నీకంటే మా పిల్లే నయం గదవ్వా," అన్నాడు నాయన.

ఇప్పుడు పొద్దున దిగేటప్పుడు ఆమె వేలు ముందు ఆ గుంటని వెతుక్కుంటది, తర్వాతే అడుగేస్తది. చింతగింజ రాయి మళ్ళీ బొడ్లోకి పోయింది. దీనికి గుంట పడాలంటే ఇంకో అరవై ఏళ్ళు రుద్దాల పాపా అని నన్ను దెప్పతానే, రుద్దతా ఉంటది. నా అగేట్లు బూడిదలో పొర్లతా ఉన్నాయి, ఇంకా ఎనిమిది రోజులుంది. ఇది రాస్తా రాస్తా మూడు తూర్లు లేచిపోయి డబ్బాకి చెవి ఆనించొచ్చినాను.