గట్టయ్య బావ పాతిన గుఢీ

మా బావ గట్టయ్యకు ఎత్తు పిచ్చి. మనిషి మాత్రం పొట్టి, పైగా బియ్యం బస్తాలా గుండ్రంగా ఉంటాడు. రాజురా బజారులో కిరాణా దుకాణం. వార్ధా నది అవతల బల్లార్షాలో కాగితం మిల్లు పొగగొట్టం లేచిన నాటినుంచీ ఆయనకు అదే లోకం. పొద్దున దుకాణం తాళం తీసి ముందు దానికేసి చూసేవాడు, ఆ తర్వాతే దేవుడి పటానికి అగరొత్తి. కుతుబ్ మీనార్ ఎక్కువ ఎత్తా, చార్మినార్ ఎక్కువ ఎత్తా అని ఉప్పుకు వచ్చినవాళ్ళను నిలబెట్టి అడిగేవాడు. తెలియదంటే ఉప్పు ఆలస్యం. ఇంతా చేసి, ఆయన జన్మలో నిచ్చెన రెండో మెట్టు దాటలేదు. అటక మీది బెల్లం దించాలన్నా మా అక్క చంద్రకళే ఎక్కాలి. ఆమె ఎక్కుతుంటే కింద ఈయనకు చెమటలు పట్టేవి.

రాజురా తాలూకాను హైదరాబాదు రాష్ట్రం నుంచి తీసి బొంబాయి రాష్ట్రంలో, మా ఆసిఫాబాదును ఆంధ్రలో కలిపాక వచ్చిన మొదటి ఉగాది అది. అంతకుముందు ప్రతి ఉగాదికీ బావ ఆసిఫాబాదులో మా ఇంటికొచ్చి, భక్ష్యాలన్నీ తిని, వాటికి వంకలు కూడా పెట్టి పోయేవాడు. అమ్మ పోయి ఏడాది కాలేదు కనుక ఆసారి మా ఇంట పండుగ లేదు. నేనే రాజురా వెళ్ళాను.

మరాఠీవాళ్ళు ఆ రోజు ఇంటి ముందు వెదురుకర్రకు పట్టుబట్ట కట్టి, వేపమండ, పంచదార చిలకల దండ వేసి, పైన చెంబు బోర్లించి నిలబెడతారు. అదే గుఢీ. చూరు దాటితే చాలు. మా బావకు చాలుతుందా? కొత్త సర్కారు ముందు మనమేం తక్కువ కాదని చూపాలట. చాందా అడవి నుంచి పొడుగాటి వెదుర్లు తెప్పించాడు. ఒకదానికొకటి కట్టించి, తెల్లవారకముందే కూలీలతో దుకాణం గోడ పక్కన గోతిలో నిలబెట్టించి, రాళ్ళు వేసి సిమెంటు పోయించాడు. నాలుగు దిక్కులా మోకులు. నేను వెళ్ళేసరికి బజారంతా నోరు తెరిచి ఆకాశంలోకి చూస్తోంది.

"ఏంది బావా, సిమెంటెందుకు?" అన్నాను.

"ధ్వజస్తంభం జూసినవా ఎన్నడన్న? ఇయ్యాల పాతి రేపు పీకుతరా? పాతితే పాతినట్టే ఉండాలె బామ్మర్దీ. బల్లార్షా పొగగొట్టం మీది కాకులు గూడ జూడాలె నా గుఢీని!"

అంతలో అక్క చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. తలెత్తి చూసింది. పైన గాలికి కొట్టుకుంటున్న పట్టుకు మామిడిపిందెల అంచు కనిపించింది.

"ఓయమ్మో! గది నా పెండ్లి చీర గదా!"

అమ్మ పెట్టిన చీర. బావ అడగకుండా పెట్టెలోంచి తీశాడు. అక్క కాసేపు ఏడ్చింది, తర్వాత ఏడుపు పక్కన పెట్టి తిట్లందుకుంది.

"పొద్దు గూకేలోపట నా చీర ఒక్క పోగు తెగకుండ నా చేతికి రావాలె. రాలేదో, తమ్మునితోని ఆంధ్రకు పోత. మల్ల రాను!"

పుట్టింటికి పోతానని బెదిరించే ఆడవాళ్ళు ఊరూరా ఉన్నారు. పరరాష్ట్రం పోతాననడం ఆ బజారు వినడం అదే మొదటిసారి.

ఎదురింటి మరాఠీ ముసలమ్మ కూడా కర్ర పట్టుకుని వచ్చింది. "సేట్, చీర సంగతి గట్లుంచు. గుఢీని పొద్దు మునగకముందే దింపాలె. దింపకుంటె వాడకట్టుకంత అశుభం."

"దింపుడా?" బావ ముఖం పాలిపోయింది. "ముందుగాల చెప్పొద్దా, అవ్వా?"

"అడిగినవా?"

కూలీల కోసం మనిషిని పంపితే, వాళ్ళప్పటికే పండుగ కల్లులో మునిగారు. సాయంత్రానికి గోతిలో సిమెంటు రాయైంది. మొదలు నరికితే గుఢీ దుకాణం పెంకుల మీద పడి చీర పేలికలవుతుంది. గాలి లేచింది. చీర చెంగు వెదురు గణుపులకు తగులుకున్నప్పుడల్లా అక్క గుండె పట్టుకుంది. నాకూ భయమేసింది. అమ్మ గుర్తుగా అక్కకు మిగిలింది ఆ చీర ఒక్కటే.

ఆఖరికి నేనే ఉపాయం చెప్పాను. కప్పు మీదికెక్కి అక్కడ వెదురును రంపంతో కోస్తే, కింద జనం మోకులు పట్టుకుని మెల్లగా వీధిలోకి వాల్చవచ్చు. నిచ్చెన మీద కాలు పెట్టబోతే ముసలమ్మ నా చొక్కా లాగింది.

"ఇంటి యజమానే దింపాలె, బిడ్డా. ఇంకొకల చెయ్యి పడొద్దు."

అందరూ బావ వైపు చూశారు. బావ అక్క వైపు చూశాడు. అక్క బట్టల మూటకు ముడి వేస్తోంది.

ఎక్కాడండీ! రెండో మెట్టు మీద రాముణ్ణి, మూడో మెట్టు మీద ఆంజనేయుణ్ణి తలుచుకుని, ఆ పైన దేవుళ్ళెవరూ గుర్తురాక నన్ను తిట్టుకుంటూ ఎక్కాడు. కళ్ళు మూసుకునే పెంకుల మీద పాకాడు, కళ్ళు మూసుకునే రంపం ఆడించాడు. "బావా, వేలు, వేలు!" అని కిందినుంచి నేను గొంతు చించుకోవలసి వచ్చింది. వెదురు ఫటేలుమంది. మేమంతా మోకులు బిగబట్టాం. గుఢీ మెల్లగా వీధి మీదుగా వాలి ముసలమ్మ అరుగు మీద తల పెట్టింది.

అక్క పరుగెత్తి చీర విప్పింది. అంచంతా తడిమి చూసింది. ఒక్క పోగు తెగలేదు. చీరను ముఖానికి అదుముకుని వెక్కివెక్కి ఏడ్చింది. బజారంతా ఈలలు, చప్పట్లు.

చప్పట్లు ఆగాక పైనుంచి సన్నటి గొంతు వినిపించింది. "ఎవలన్న నన్ను దింపుండ్రి."

బావ పెంకుల మీద బోర్లా పడుకుని, మిగిలిన వెదురు ముక్కను కౌగిలించుకుని ఉన్నాడు. నేను కదలబోతే అక్క చీరను నా చేతుల్లో పెట్టింది. కొంగు నడుముకు దోపుకుని, నిచ్చెనెక్కి, ఆయన పాదం పట్టుకుంది.

"చీర చినిగిందా?" అన్నాడు బావ, కళ్ళు తెరవకుండానే.

"లేదు. కాలు ఈడ బెట్టు."

"ఆంధ్రకు పోతున్నవా?"

"నువ్వు గిట్ల మీదుంటె నేనెట్ల పోత? ఇంకో కాలు గూడ బెట్టు," అంది అక్క.