గరాటులో ఆకు

ఆ ప్రాంతంలో ఇళ్లు ఎంత దూరదూరంగా ఉంటాయంటే, పక్కింటికి ఉప్పు అడగడానికి వెళ్లినవాడు తిరిగొచ్చేసరికి కూర చల్లారిపోతుంది. అంత మేరకూ వాన కొలిచే డబ్బా ఒక్కటే, కొలిచే మనిషీ ఒక్కడే. అందరూ ఆయన్ని వాన మాస్టారంటారు గానీ, ఏ బడిలోనూ పాఠం చెప్పిన పాపాన పోలేదు. పెరట్లో తలకంటే ఎత్తున ఒక స్తంభం, దాని మీద గరాటు, కింద చిన్న తలుపు వెనక సీసా. ముప్పై ఒక్క ఏళ్లుగా పొద్దున్న ఎనిమిదింటికి సీసాలో నీళ్లు కొలత గ్లాసులో పోసి, వాతావరణ కార్యాలయానికి ఫోన్ చేసి అంకె చెబుతాడు. పెళ్లినాడు కూడా పెళ్లికూతుర్ని నిలబెట్టి వాన కొలిచొచ్చాడని చెప్పుకుంటారు.

ఎవరైనా తడిసి ముద్దయి వచ్చి, "పెద్ద వానే మాస్టారూ" అంటే, "ఉండవయ్యా, గ్లాసు చెప్పనీ" అనేవాడు. కళ్లూ చెవులూ గోరంతలు కొండంతలు చేస్తాయి, గ్లాసు చెయ్యదు. మొండిఘటం, ఏం చేస్తాం.

ఆయన చెల్లెలు నాలుగు మైళ్ల అవతల ఉంటుంది. మొగుడు పోయాక పదకొండు ఆవులే ఆమె లోకం. ఆకులు రాలే కాలంలో ఒక రాత్రి వాన దంచికొట్టి, చలికాలానికని ఆమె కోసి ఆరబెట్టిన గడ్డి అంతా కుళ్లబెట్టింది. ఇలాంటప్పటికి ఒక నిబంధన ఉంది. మాస్టారి సీసాలో ఒక్క రోజుకి అరవై మిల్లీమీటర్లు దాటితే, ఆ ప్రాంతానికంతా సర్కారు మేత పంపుతుంది. దాటకపోతే గడ్డిపోచ కూడా రాదు.

ఆ పొద్దున్న గ్లాసు మూడు చూపించింది. రాత్రంతా ఇంటి రేకులు మోగుతూనే ఉన్నాయి కదా, మూడేమిటని మాస్టారు ఒక్క క్షణం తటపటాయించాడు. గడియారం ఎనిమిది కొట్టింది. గ్లాసు మాటే మాట అనుకుని, ఫోన్ చేసి "మూడు" అని చెప్పేశాడు.

తొమ్మిదిన్నరకి చెల్లెలు పాలబండి దిగింది. చేతిలో బకెట్.

"అన్నయ్యా, రాత్రి పెరట్లో ఖాళీగా ఉన్న బకెట్ ఇది. చూడు, నాలుగు వేళ్ల ఎత్తు నిండింది."

మాస్టారు పెరట్లోకి పరిగెత్తాడు. స్టూలు తెచ్చుకుని ఎక్కాడు. గరాటు అంచుదాకా నీళ్లున్నాయి. వేలు పెట్టి తిప్పితే, అడుగున అతుక్కున్న పండుటాకు ఒకటి ఊడి వచ్చింది. ఈ కాలంలో రోజూ సాయంత్రం గరాటు తుడుస్తాడు. నిన్న మోకాలు నొప్పిగా ఉందని స్టూలెక్కలేదు.

మళ్లీ ఫోన్ చేశాడు. అవతల కార్యాలయం అమ్మాయి పాపం ఓపిగ్గానే చెప్పింది.

"ఎనిమిది దాటాక అంకె మార్చడానికి లేదు మాస్టారూ. గరాటు మూసుకుపోయిందని రాస్తే ఆ రోజు గడి ఖాళీగా పోతుంది. ఖాళీకి మేత రాదు."

"మూడుకి?"

"మూడుకీ రాదండీ."

"పోనీ, మా చెల్లెలి బకెట్..."

"బకెట్‌ని ఎవరూ ఒప్పుకోరు మాస్టారూ."

ఆ మాట తనదే. ముప్పై ఒక్క ఏళ్లుగా అందరికీ తను చెప్పిందే. ఇక ఎవరితో పోట్లాడతాడు? ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడ్డాడు.

"తప్పు నాదేనే," అన్నాడు. "అయినా తెల్లారగానే ఒక్క ఫోన్ చేసుంటే..."

"చేస్తే నమ్మేవాడివా?"

మాస్టారు బకెట్‌లో వేళ్లు ముంచి లోతు చూశాడు.

"అందుకే బకెట్ మోసుకొచ్చాను," అంది చెల్లెలు.

పది రోజుల తర్వాత, మేపలేని తొమ్మిది ఆవుల్ని ఎక్కించుకున్న లారీ మాస్టారి ఇంటి ముందు నుంచే వెళ్లింది. ఉన్నది ఆ ఒక్క రోడ్డే. ముందు సీట్లో కూర్చున్న చెల్లెలు ఇటు తిరగలేదు. ఆయన స్టూలు మీద నిలబడి గరాటు తుడుస్తున్నాడు. ఆ పొద్దున్నకి అది మూడోసారి.

ఎనిమిదింటికి ఫోన్ చేశాడు.

"ఈ రోజు ఎంత మాస్టారూ?"

"సున్నా అమ్మా," అన్నాడు. "బయటికెళ్లి ఆకాశం కూడా చూశాను."