జాజు కింది నంబరు

ముగ్గురు మనుషులు మా అరుగు ముందు నిలబడి స్తంభాలు లెక్కపెడుతున్నారు. ఒకతను వేలు ఆడిస్తూ లెక్కపెడితే, ఇంకొకతను కాగితం మీద రాసుకుంటున్నాడు. మూడో అతని చేతిలో ఎర్రరంగు డబ్బా, కుంచె ఉన్నాయి. నేను కిటికీలోంచి చూశాను. పెళ్ళయి వచ్చి తొమ్మిదేళ్ళయినా ఆ స్తంభాలు ఎన్నో నేను ఎప్పుడూ లెక్కపెట్టలేదు. మనిల్లు మనం లెక్కపెట్టం. పరాయివాళ్ళు వచ్చి లెక్కపెడుతున్నారంటే మంచికి కాదనుకున్నాను.

తలుపు రెండుసార్లు కొట్టారు. నేను తీయలేదు. చిన్న కూతురు నిద్రపోతోందని నాకు నేనే సాకు చెప్పుకుని తలుపు వెనకాల నిలబడ్డాను. అడిగితే ఏం చెబుతారో తెలుసు, చెబితే అది నిజమైపోతుంది. కాసేపటికి గోడ మీద కుంచె రుద్దుతున్న చప్పుడు, తర్వాత చెప్పుల చప్పుడు. వాళ్ళు వెళ్ళాక బయటికి వచ్చి చూస్తే గుమ్మం పక్కన, మోకాలెత్తులో, ఒక గుండ్రటి గీత, అందులో నంబరు. ఎర్ర ఆయిలు పెయింటు ఇంకా తడిగా మెరుస్తోంది.

నేను డిగ్రీ చదివిన ఊళ్ళో ఒక బజారు మొత్తానికి ఇలాంటి గుర్తులే వేశారు. సెలవులకు వెళ్ళి వచ్చేసరికి ఆ బజారులో ఇళ్ళకు ముందు గదులు లేవు. ఒక ఇంట్లో దేవుడి గూడు రోడ్డు మీదికి తెరుచుకుని ఉంది. ఆ గూడు నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది.

మా ఇల్లు చంద్రపూర్ పాత ఊళ్ళో, కోటగోడ లోపల, ఒక సన్నటి గల్లీకి మొదట్లోనే ఉంటుంది. మూరెడు మందం మట్టిగోడలు, టేకు స్తంభాలు, పైన గూనపెంకులు. ఎండాకాలంలో ఊరంతా కూలర్ల ముందు కూర్చుంటే, మా నడిమింట్లో అత్తమ్మ చాప పరుచుకుని హాయిగా పడుకుంటుంది. ఆ ఇంటికి ఉన్న కష్టమల్లా చప్పుడు. పెద్దరోడ్డు మీద సిగ్నల్ తప్పించుకోవడానికి లారీలు మా గల్లీలో దూరి కోటగోడ అవతలి దర్వాజా దగ్గర తేలతాయి. బొగ్గు లారీలు, ఇసుక లారీలు. ఎదురుగా ఆటో వస్తే రెండూ ఒకదానికొకటి దారివ్వక హారన్లు మోగిస్తూ నిలబడతాయి. మా ఆయన విద్యుత్ కేంద్రంలో రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంటాడు. గోడలోని అల్మారాలో స్టీలు గ్లాసులు వాటంతటవే గలగలమంటుంటే అత్తమ్మ "వీటికి మనకంటే ఎక్కువ ముచ్చట్లు" అంటుంది.

ఆ చప్పుడు మాకెంత అలవాటైపోయిందో చిన్నదాన్ని బాల్వాడీలో వేశాకే తెలిసింది. పిల్ల అరిచినట్టు మాట్లాడుతోంది, చెవులు చూపించమని టీచరు చెప్పింది. వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు నేను. చెవుల డాక్టరు చూసి, లోపమేం లేదని, ఇల్లెక్కడని అడిగాడు. చెప్పాను. మీ ఇంట్లో అందరూ ఇట్లాగే మాట్లాడతారు కదా అని నవ్వాడు. నేను కూడా ఆయనకు అరిచినట్టే జవాబు చెబుతున్నానని అప్పుడు గమనించాను.

అప్పటినుంచి మా ఆయన నాగపూర్ రోడ్డు వైపు ఫ్లాటు సంగతి ఎత్తడం మొదలుపెట్టాడు. ఆ మాట వినగానే అత్తమ్మ లేచి వెళ్ళి స్తంభాలకు నూనె రాస్తుంది. అందుకే గుర్తు సంగతి ఆయనకు చెప్పదలచుకోలేదు. చెబితే "ఇగ చూడు, నేన్ చెప్పలే?" అంటాడు. అత్తమ్మకు చెబితే ఏమవుతుందో ఊహించడానికే ధైర్యం చాలలేదు.

నాకు తోచింది ఒక్కటే. ఎద్దుల పండుగైన పొలాల అమావాస్యకు మా వాళ్ళ ఇళ్ళలో గోడ అడుగున జాజు అనే ఎర్రమట్టి పూసి, దాని మీద సున్నంతో చారలు వేస్తారు. రాజురా దగ్గరి పల్లెలో పుట్టిన అత్తమ్మ, ఊరు వదిలి ముప్పై ఏళ్ళయినా, ఇంట్లో ఒక్క ఎద్దు లేకపోయినా, మట్టి ఎద్దుల జత కొనుక్కొచ్చి మరీ ఆ పని చేస్తుంది. జాజు ఎరుపు. గుర్తు కూడా ఎరుపే. ఆ సాయంత్రం జాజు కలపమని అడిగాను.

"పండుగకు ఇంక పదిహేను రోజులుంది గదనే. గిప్పుడే జాజేంది?" అన్నది అత్తమ్మ.

"మళ్ళ వాన పట్టుకుంటదేమో అత్తమ్మా. ముందుగాల్నే పూద్దాం."

ఆమె గోడ వైపు చూసింది, నా వైపు చూసింది. లోపలికి వెళ్ళి గిన్నెలో జాజు నానబెట్టుకొచ్చింది. ఏడేళ్ళ పెద్దది గుడ్డపీలిక పట్టుకుని నాతో పాటు కూర్చుంది. నంబరు దగ్గరికి వచ్చేసరికి చేయి ఆపి, "అమ్మా, దీని మీద గూడ పూయాల్నా?" అని అడిగింది. పండుగ కదా, గోడంతా ఒక్క తీరుగా ఉండాలన్నాను. అది నమ్మి, నాకంటే శ్రద్ధగా, మూడు పూతలు పూసింది. మా ఆయన డ్యూటీకి పోతూ గోడ చూసి "ఎవలి పెండ్లి మనింట్ల?" అని నవ్వి స్కూటరెక్కాడు.

ఆ రాత్రి నుంచి కొంచెం నిద్ర పట్టింది. పది రోజులకు మళ్ళీ ఇద్దరెవరో గోడల ఫోటోలు తీసుకుంటూ వచ్చారు. మా ఇంటి ముందు ఆగి, కాగితం చూసుకుని, గోడ చూసుకుని, ముందుకు వెళ్ళిపోయారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పండుగ దాటాక మేమంతా కాకూ, అంటే పిన్నీ, అని పిలిచే పక్కింటావిడ కూతురి ఊరి నుంచి తిరిగొచ్చింది. ఆమె మరాఠీ మనిషి, స్కూల్లో టీచరుగా చేసి మానేసింది. ఆమె గోడ మీదా అలాంటి గుర్తే ఉంది, కానీ ఆమె దాని పైన మేకు కొట్టి బంతిపూల దండ వేలాడదీసింది. నాకేమీ అర్థం కాలేదు. సాయంత్రం బడి ఆవరణలో మున్సిపాలిటీ వాళ్ళ సమావేశం ఉంది, రమ్మని చేయి పట్టుకుని తీసుకుపోయింది.

అక్కడ నా వయసే ఉన్న ఒక ఇంజనీరమ్మ, హెల్మెట్ పక్కన పెట్టుకుని, మరాఠీలో ఓపికగా వివరించింది. కోటగోడ లోపల పాత ఇళ్ళు ఒకదాని పక్కన ఒకటి మిగిలిన గల్లీలను ఏరుతున్నారట. ఆ గల్లీల్లో రోడ్డు వెడల్పు చేయరు. అరుగులు అట్లాగే ఉండనిస్తారు, పెంకులూ మట్టిగోడలూ పాత పద్ధతిలోనే బాగు చేసుకోవడానికి అనుమతి త్వరగా ఇస్తారు. గల్లీ మొదట్లో ఇనుప అడ్డకమ్మీ పెట్టి లారీలను రానివ్వరు, హారన్ కొట్టొద్దని బోర్డు పెడతారు. పాత ఇల్లు నిలవాలంటే అదురు తగ్గాలని, మనుషులు ఆ ఇంట్లో ఉండాలంటే చప్పుడు తగ్గాలని, అందుకే రెండూ ఒకే పనిలో పెట్టామని చెప్పింది. కాలేజీ అలవాటు కొద్దీ నేను నోటుబుక్కులో రాసుకుంటున్నాను. ఎర్రగుర్తు వేసింది ఉంచాల్సిన ఇళ్ళకని ఆమె చెప్పినప్పుడు నా పెన్ను ఆగిపోయింది.

తర్వాత జాబితా చదివారు. మా గల్లీలో మొదటి ఇల్లు కాకూదేనట. అంతకుముందు ఉండాల్సిన మా నంబరు లేదు. సరిచూసే వాళ్ళు వచ్చినప్పుడు మా గోడ మీద గుర్తు కనబడలేదు. అడ్డకమ్మీ జాబితాలో మొదటి ఇంటి ముందు పెడతారు. అంటే మాకూ కాకూకూ మధ్య. తెలియక గల్లీలో దూరిన ప్రతి లారీ ఇక మా గుమ్మం ముందు ఆగి, హారన్ కొట్టి, అక్కడే వెనక్కి తిరగాలి. అభ్యంతరాలు చెప్పుకోవడానికి ఇంకా మూడు రోజులే గడువుంది.

ఇంటికొచ్చి అత్తమ్మకు అంతా చెప్పేశాను. నేను తలుపు వెనక నిలబడిన సంగతి, జాజు ఎందుకు పూశానన్నది, అన్నీ. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విన్నది. పని ఆపలేదు.

"పొయ్యి ఆ ఇంజనీరు పిల్లను పిల్సుకరా" అన్నది, చివరి కాయ గిన్నెలో వేశాక.

మర్నాడు వార్డు ఆఫీసులో ఆ ఇంజనీరమ్మ ముందు నిలబడి జరిగింది చెప్పాను. మధ్యాహ్నం మా అరుగు మీదికి వచ్చింది. గుర్తు ఎందుకు కప్పారని ఆమె మళ్ళీ అడగలేదు. అక్కను పిలిచినట్టు తాయీ అని పిలిచి, తలుపు కొట్టింది అది చెప్పడానికే, అడిగినవాళ్ళకు చెప్పడం కూడా మా పనే అని మాత్రం అన్నది. అయితే ఒక చిక్కు ఉంది. గుర్తు కనబడితే ఫోటో తీసి ఈ రోజే చేర్చవచ్చు. లేకపోతే ఇంటిని మొదటినుంచీ మళ్ళీ పరిశీలనకు పెట్టాలి. అది ఎప్పటికవుతుందో ఆమె చెప్పలేదు.

మా అత్తమ్మ జాజులో ఎప్పుడూ తుమ్మజిగురు కలుపుతుంది. ఏడాది పొడుగునా చెక్కుచెదరదు. గోకితే కింది పెయింటు కూడా ఊడి వస్తుంది. ఆ మాటే ఇంజనీరమ్మకు చెబుతున్నాను. ఈలోగా అత్తమ్మ లోపలినుంచి బకెట్ నీళ్ళు, పాత గుడ్డ తెచ్చుకుని గోడ దగ్గర కూర్చుంది. తడిగుడ్డతో ఒక్కసారి తుడిచింది. ఎర్రనీళ్ళు అరుగు మీదికి కారాయి. ఇంకోసారి తుడిచింది. జాజు మొత్తం గుడ్డకు వచ్చేసింది. గుండ్రటి గీత, అందులో నంబరు, కొత్తగా రాసినట్టు కనిపించాయి.

"జిగురు?" అన్నాను.

"ఎయ్యలే."

"ఎందుకెయ్యలే అత్తమ్మా?"

"పట్వారి పాతిన హద్దురాయి మీద మా నాయన గడ్డి కప్పెటోడు. కప్పెటోడు గని పీకెటోడు గాదు" అన్నది గుడ్డ పిండుతూ. "సర్కారోళ్ళు రాసింది చెరపొద్దు బిడ్డా. రేపు మల్ల అదే అక్కరకొస్తదో ఏమో. నువ్వు గంత బుగులు పడుతుంటె కప్పనిచ్చిన."

అంటే ఆ సాయంత్రమే ఆమెకు అంతా తెలుసు. తెలిసీ నీళ్ళలో ఉత్త జాజు కలిపి ఇచ్చింది. ఇంజనీరమ్మకు తెలుగు రాదు. ఏమన్నదని అడిగింది. నేను మరాఠీలో చెప్పాను. ఆమె నవ్వుతూనే ఫోటో తీసింది, గోడదొకటి, గోడ పక్కన అత్తమ్మదొకటి.

దసరా దాటాక అడ్డకమ్మీ వచ్చింది. పసుపు, నలుపు చారల ఇనుప చట్రం, సరిగ్గా మా ఇంటికి ముందు, గల్లీ నోట్లో. ఆటోలు, బండ్లు కిందినుంచి పోతాయి, లారీకి తల తగులుతుంది. పెట్టిన సాయంత్రమే ఒక ఇసుక లారీ వచ్చి ఆగింది. పొడుగ్గా హారన్ కొట్టింది. గల్లీలో అందరూ జాతర చూసినట్టు అరుగుల మీద నిలబడ్డారు. డ్రైవరు తల బయటపెట్టి చూశాడు, అందరి ముఖాలూ చూశాడు, మళ్ళీ కొట్టాడు.

"ఎంత ఒర్రినా గంతే కొడుకా. మల్లి పో" అన్నది అత్తమ్మ. కాకూకు తెలుగు రాకపోయినా అందరికంటే ముందు ఆమే చప్పట్లు కొట్టింది.

లారీ వెనక్కి పోయింది. పెద్దరోడ్డు హోరు ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. పెళ్ళిళ్ళ కాలంలో డీజేలకు అడ్డకమ్మీ ఏం చేస్తుంది. పెంకులు చాలా చోట్ల మార్చాలి, కాగితాలు పెట్టుకున్నాం. మా ఆయన ఫ్లాటు మాట ఇంకా అప్పుడప్పుడూ తీస్తాడు గానీ, చెవుల్లో దూది లేకుండా పడుకుని లేచిన రోజు తీయడు. అయినా నా గుబులు పూర్తిగా పోయేది కాదు. అడ్డకమ్మీ పెట్టిన ఆ రాత్రి లారీ చప్పుడు లేక నిద్రపట్టలేదు. లేచి పిల్లల ముక్కుల దగ్గర వేలు పెట్టి చూసుకుని, గ్లాసులు కదలని ఇంట్లో చాలాసేపు కూర్చున్నాను.

మర్నాడు పొద్దున పెద్దది అరుగు మీద పళ్ళు తోముకుంటూ, ఎర్రగోడ మధ్య తుడిచిన ఆ చోటు చూసి, వచ్చే పండుగకు దాని మీద మళ్ళీ పూద్దామా అని అడిగింది. నేను ఇద్దరినీ పక్కన కూర్చోబెట్టుకున్నాను. చిన్నది నా ఒళ్ళో కాళ్ళు పెట్టింది.

"వద్దు బిడ్డా. దాని చుట్టు పూద్దాం, దాని మీద పూయొద్దు" అన్నాను. "ఆ రోజు నీకు పండుగకని చెప్పిన గని, పండుగకు కాదు. నాకు భయమైంది. మనిల్లు కొట్టేస్తరేమో అనుకున్న. తలుపు తీసి అడగలే. ఆ నంబరు మనిల్లు ఉండాలని రాసిన నంబరు. నాయనమ్మ జిగురు ఎయ్యకపోవట్కి మిగిలింది. మీకు దేనికన్న భయమైతే నా లెక్క దాసిపెట్టుకోకుండ్రి, నాకు చెప్పుండ్రి. ఒర్రుడు అవసరం లేదు. మెల్లగ చెప్పినా గిప్పుడు ఇనవడ్తది."