మీ అమ్మకి సెప్పు

డిసెంబరు వచ్చిందంటే చాలు, మా విజయనగరం చర్చివాళ్ళెవరూ శనివారం ఇంటిపట్టున ఉండేవారు కారు. పొద్దున్నే పాసింజరెక్కి విశాఖపట్నం పోవడం, క్రిస్మస్ బట్టలు కొనడం, కొట్లముందు వేలాడే కాగితం నక్షత్రాల కింద మెడలు నొప్పెట్టేదాకా తిరగడం, సాయంత్రం బీచిలో ఆడి రాత్రి బండికి తిరిగి రావడం. నేను ఏడాదంతా ఆ శనివారం కోసమే బతికేదాన్ని. మా అమ్మ మాత్రం ఎప్పుడూ వచ్చేది కాదు. "ఆ సముద్రం ఎక్కడికి పోతాది, మీరెల్లండి" అనేసి పిండివంటలు పెట్టుకునేది.

అరవైల చివర్లో, నేను నాలుగో తరగతిలో ఉండగా, అమ్మ తనూ వస్తానంది. నాన్న మురిసిపోయాడు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. అసలు సంగతి నాకు తెలుసు మరి.

అమ్మది శృంగవరపుకోట దగ్గర రైతు కుటుంబం. చర్చి బళ్ళో పాఠాలు చెప్పే మా నాన్నని చేసుకుందని పుట్టింటివాళ్ళు మళ్ళీ గడప తొక్కనివ్వలేదు. నేను పుట్టానని తెలిసినా ఒక్కరూ రాలేదు. మా అమ్మమ్మ నల్లగా ఉంటుందో తెల్లగా ఉంటుందో కూడా నాకు తెలియదు. ఆ ఏడు దసరాలప్పుడు, ఆ ఊరినుంచి చింతపండు అమ్ముకోవడానికి వచ్చినావిడ మా అరుగుమీద కూలబడి కబురు చెప్పింది. అమ్మ అప్పుడు నాకు జడ వేస్తోంది.

"మీ అన్నకి పోర్టులో పని దొరికినాదంటమ్మా. శనారం సాయంత్రమైతే పెళ్ళాన్ని తీసుకోని బీచీకొస్తాడంట, లైటవుసు కాడికి."

కోతలు మొదలయ్యాక ఆవిడ మళ్ళీ మా వీధికి రాలేదు. అమ్మకి మాత్రం ఆ మాట మనసులో నాటుకుపోయింది. బయల్దేరే ముందు నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి చెవిలో చెప్పింది: "ఈ సెలవులకి ఒక్కపాలి అమ్మని సూసొస్తానని అన్నియ్యనడగాలే. అన్నియ్య ఊఁ అంటే సాలు, ఇంట్లో ఇంకెవులూ కాదన్రు. మీ నాన్నకి సెప్పకు, తెలిస్తే రైలెక్కనివ్వరు."

నిజమే. వాళ్ళ ఊసెత్తితేనే నాన్నకి ఒళ్ళు మంట. గెంటేసినవాళ్ళ గుమ్మంలో కాలు పెడితే నామీద ఒట్టే అని ఏనాడో అనేశాడు.

విశాఖలో నాకు కావలసిన గౌను కంటబడిందో లేదో, అమ్మ రెక్క పుచ్చుకుని లాగడం మొదలెట్టింది. "సాల్లే, ఎల్దాం, పొద్దోతంది." నాకు అరికాలిమంట నెత్తికెక్కింది. ఏడాదికొక్క శనివారం! ఆ మావ ఎవరో, నాకేం ఒరగబెట్టాడని? నాన్న నవ్వుతూ, "ఏటే అంత తొందర, సముద్రం ఎండిపోతాదేటి?" అన్నాడు. ఆయనకేం తెలుసు పాపం.

బీచిలో లైట్‌హౌసుకి ఎదురుగా అమ్మ దుప్పటి పరిచింది. క్యారేజీ విప్పలేదు. కాస్త దూరంలో మా చర్చివాళ్ళు పులిహోర తిని పాటలందుకున్నారు, నాన్న వాళ్ళ మధ్యన కూర్చున్నాడు. అమ్మ వచ్చే పోయే మగవాళ్ళందరి మొహాలూ చూస్తోంది. నాకు ఆకలి, సిగ్గు, కోపం. మావ రాకపోతే బాగుణ్ణు అనుకున్నాను. అంతలోనే అమ్మ మొహం చూసి, రా నాయనా, వచ్చి చావు అనుకున్నాను. పొద్దు వాలింది. బండి వేళవుతోందని నాన్న కేకేశాడు. "ఉండండి, వస్తన్నాను" అంది అమ్మ, కదలకుండానే.

అప్పుడొచ్చాడు. నేనెన్నడూ చూడని మనిషే గానీ ఇట్టే పోల్చుకున్నాను. అచ్చం అమ్మ ముక్కే. పక్కన ఆయన భార్య. ఆయన తలమీద జుట్టు అప్పుడప్పుడే మొలుస్తున్నట్టు పొట్టిగా ఉంది.

"అన్నియ్యా!" అంటూ లేచింది అమ్మ.

మావ ఆగాడు. అమ్మని చూసి మొహం సముద్రం వైపు తిప్పేసుకున్నాడు. పోతాడనుకున్నాను. పోలేదు. నాకేసి చూసి, "మీ అమ్మకి సెప్పు పిల్లా, ఇంటికెల్లిపొమ్మని" అన్నాడు.

అమ్మ చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉంది! అయినా నేను ఇటు తిరిగి, "అమ్మా, ఇంటికెళ్ళిపొమ్మంటున్నాడు" అని అప్పజెప్పాను. ఆ పాడు రాయబారం నాకెందుకు తగులుకుందో!

"సెలవులకి అమ్మని సూడ్డానికొస్తానని మావకి సెప్పవే. లోపలికి రాను. పెరట్లో నిలబడి సూసెల్లిపోతాను."

అదీ చెప్పాను. ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు అమ్మ చూపు ఆయన తలమీద పడింది.

"గుండెందుకు సేయించుకున్నావు? మొక్కేటైనా తీర్సుకున్నావా? సింహాచలం ఎల్లేవేటి?"

మొక్కుకీ గుండే, తల్లి పోతే కొడుక్కీ గుండే. రైతింటి పిల్ల, అమ్మకి తెలియదా! అయినా మొదటిదాన్నే పట్టుకుని వేలాడింది. "సింహాచలమే కదన్నియ్యా?"

"మీ అమ్మకి సెప్పు," అన్నాడు మావ. "అమ్మ పోనాదని. కార్తీకంలో. దినవారాలన్నీ అయిపోనాయని."

నేను చెప్పలేదు. అది పిల్ల చెప్పే మాటా?

అమ్మ ఏడవలేదు. చెప్పులు విప్పేసి తిన్నగా సముద్రంలోకి నడిచింది. చావు కబురు చెవినబడితే కట్టుబట్టలతో తలస్నానం చెయ్యాలని వాళ్ళింటి ఆచారం. మా ఇంట్లో అది లేదు, నాకు తెలియదు. అమ్మ చచ్చిపోతుందనుకున్నాను. "నాన్నా!" అని గావుకేక పెట్టాను. చర్చివాళ్ళ పాట ఆగిపోయింది. అమ్మకి మోకాళ్ళు మునిగాయి, నడుం మునిగింది. ఓ పెద్ద అల ఆమెని వెనక్కి తోసి, పోతూ పోతూ లోపలికి లాగింది.

"ఒసే! ఆగవే! ఇంక లోపలికెల్లకే, లాగెత్తాది!"

మావ నన్ను చెప్పమనలేదు. కట్టుకున్న పంచెతోనే పరిగెత్తి అమ్మ రెక్క దొరకబుచ్చుకున్నాడు. రొప్పుతూ వచ్చిన నాన్న నీళ్ళంచున ఆగిపోయాడు. మావ భార్య తల వంచుకుని ఆయనకి సంగతి చెప్పింది. నాన్న నన్ను దగ్గరికి లాక్కున్నాడు.

మావ పట్టుకునే ఉన్నాడు, అమ్మ మూడు మునకలు వేసింది. లేచి, మొహానికి అంటుకున్న జుట్టు తొలగించుకోకుండానే అడిగింది. గాలి మా వైపు వీస్తోంది, నాకు వినబడింది.

"అమ్మ నన్నడిగిందేటి?"

మావ తల దించుకున్నాడు.

"అడిగింది. పోయేదాకా నిన్నే అడిగింది. నేనే కబురెట్టనియ్యలేదు."

అమ్మ చెయ్యి విదిలించుకోబోయింది. ఆయన వదల్లేదు. వదిలితే అల లాక్కుపోతుంది. అమ్మకి ఆ చెయ్యి పట్టుకునే ఒడ్డుకి రావలసి వచ్చింది.