పాపకు నేర్పిన లూసియానా

కరోనా ఏడాది, దుబాయ్‌లో నేను పనిచేసే ఇంట్లో బడి డైనింగ్ టేబుల్ మీదికొచ్చింది. సారూ మేడమూ చెరో గదిలో తలుపులేసుకుని ఆఫీసు పని చేసుకునేవారు. పదకొండేళ్ళ పాప లాప్‌టాప్ ముందు, నేను వంటింట్లో. కోనసీమ వదిలిన ఆరేళ్ళలో నాతో పనిమాట కాకుండా వేరే మాట మాట్లాడిన మనిషి ఆ పాపే. వాళ్ళదీ తెలుగిల్లే, అయినా పెద్దవాళ్ళకు నాతో మాటలేముంటాయి? కూరలో ఉప్పు, ఇస్త్రీ బట్టలు, అంతే. ఆ పిల్ల దగ్గర ఉండనిస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకునేదాన్ని.

పాపది అమెరికా సిలబస్ బడి. ఒకరోజు ఏడుపు మొహంతో వంటింట్లోకి వచ్చింది. రెండు వందల ఏళ్ళ కిందట, అమెరికా కొత్తగా దేశమైన రోజుల్లో, వాళ్ళ అధ్యక్షుడు ఫ్రాన్సు దగ్గర లూసియానా అనే పేద్ద నేల కొన్నాడు. ఆ హక్కు రాజ్యాంగంలో ఎక్కడుందని ఎదుటి పార్టీ వాళ్ళు గోల పెట్టారు. క్లాసును ఆ రెండు పార్టీలుగా విడగొట్టి వాదించమన్నారట. పాపది కొన్నవాళ్ళ పక్షం.

నేను బీఏ హిస్టరీ రెండో ఏడు దాకా వెలగబెట్టాను. పెళ్ళితో అది ఆగిపోయింది, తర్వాత ఆయనా పోయాడు. నా చదువు ఇన్నాళ్ళకు ఒకరికి అక్కరకొచ్చిందని ఎంత సంబరపడ్డానో! చపాతీలు వత్తుతూ పాపచేత పాఠం అప్పజెప్పించాను. అక్కడి రైతుల ధాన్యం ఒక పెద్ద నది మీదుగా సముద్రానికి పోవాలి, నది సముద్రంలో కలిసే చోటు పరాయివాడి చేతిలో ఉంటే ఎలా బతుకుతారు? గోదావరి పక్కన పుట్టినదాన్ని, ఆ ముక్క నాకొకరు చెప్పక్కర్లేదు.

"మరి అక్కడున్నవాళ్ళని అడిగారా అని ఎదుటి పక్షం అంటే?" అంది పాప.

అక్కడ ఎన్నో తెగలవాళ్ళు తరతరాలుగా ఉన్నారు. వాళ్ళనెవరూ అడగలేదు. తర్వాత ఇంకా పడమటికి తరిమారని కూడా నాకు తెలుసు. కానీ నాకు పాప గెలవాలి.

"అడగక్కర్లేదమ్మలూ. అది వాళ్ళకీ మంచిదే, కొత్తవాళ్ళు ఇంకా బాగా చూసుకుంటారని చెప్పెయ్. నవ్వుతూ చెప్పు" అన్నాను.

పాప గెలిచింది. పరుగెత్తుకొచ్చి, నా చేతులకు పిండి ఉందన్నా వినకుండా వాటేసుకుంది.

ఆ తర్వాతి వారం మేడం పిలిచారు. "అబుదాబిలో మావారి ముదీర్ గారింట్లో పెద్దావిడని చూసుకోవాలట. నిన్ను పంపిస్తామని చెప్పేశాం. అరబ్బులే గానీ మంచివాళ్ళు. నీ వీసాకి పూచీ పడే కఫీల్ మారతాడు, అంతే. ఇక్కడ సంతకం పెట్టు."

సారు ప్రమోషన్ కోసం ఆ ముదీర్‌ని, అంటే తన పై ఆఫీసరుని, మంచి చేసుకుంటున్నారని నాకు తెలియంది కాదు. ఇక్కడే ఉంటానండీ అని నోటిదాకా వచ్చింది. కాదంటే ఊరికి పంపేస్తారు, ఊళ్ళో నాకోసం చూసే మనిషి లేడు. సంతకం పెట్టేశాను.

గుమ్మంలో నిలబడి పాప అంతా వింది. కళ్ళు తుడుచుకుంటున్న నన్ను ఓదార్చాలనుకుంది, పిచ్చితల్లి. నవ్వుతూ, అచ్చం నేను నేర్పినట్టే, "ఏడవకు ఆంటీ. నీకూ మంచిదే. కొత్తవాళ్ళు ఇంకా బాగా చూసుకుంటారు" అంది.

నాకు కోపం నషాళానికంటింది. "నోర్ముయ్! నీకేం తెలుసే? ఫో అవతలికి!" అని అరిచాను. అంతవరకూ ఆ పిల్లను పల్లెత్తు మాట అన్నదాన్ని కాదు. తెల్లబోయి చూసి, గదిలోకెళ్ళి తలుపేసుకుంది.

మర్నాడు పొద్దున్నే కారొచ్చింది. తలుపు కొట్టి, "తప్పయిపోయిందమ్మలూ" అన్నాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుని క్లాసులో ఉందట. విందో లేదో తెలియదు.

ఇక్కడ అబుదాబిలో పెద్దావిడ మంచిదే. పద అనడానికి యల్లా అంటుంది, ఇక చాలు అనడానికి ఖలాస్ అంటుంది, ఆపైన ఆవిడ మాట నాకు రాదు, నా మాట ఆవిడకు రాదు. ఆ మాట నేర్పింది నేనే, తప్పు నాదేనని ఎవరితో చెప్పుకోను? పాప ఇప్పుడు పెద్దదై ఉంటుంది. ఎప్పుడైనా నన్ను తలుచుకుంటే, "ఫో అవతలికి" అన్న ఆంటీయే గుర్తొస్తుంది.