తిరిగి చెప్పించిన మనిషి

మా తోడల్లుడు కాలం చేశారన్న కబురు మా అమ్మాయి ఫోనులో చెప్పింది. "నాన్నగారూ, బాబాయ్ పోయారు. తెల్లవారుజామున, ఆసుపత్రిలో. అమ్మమ్మకు ఇంకా తెలియదు. మేము బాబాయిని ఇంటికి తీసుకొచ్చేలోగా మీరు వెళ్ళి ఆవిడకు చెప్పాలి." అంతే. జరిగినదేమిటి, ఎప్పుడు, ఎక్కడ, విన్నవాడు చేయవలసినదేమిటి, అన్నీ ఆ నాలుగు ముక్కల్లో ఉన్నాయి. ఏడుస్తూనే చెప్పినా వరుస తప్పలేదు. ఆ వరుస నేను నేర్పినది కాదు, ఆయన నేర్పినది. పాఠకులు మన్నించాలి. పొదిలిలో మా ఇంటి వసారాలో ఆ ఫోను పట్టుకుని నిలబడినప్పుడు, దుఃఖం వెన్నంటి నాకు కలిగినది అసూయ.

మా భార్యలు అక్కచెల్లెళ్ళు. నేను పెద్దల్లుణ్ణి, ఆయన చిన్నల్లుడు. నేను ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఆయన పౌర సంబంధాల శాఖలో అధికారిగా పనిచేసి గుంటూరు బ్రాడీపేటలో స్థిరపడినవారు. ప్రభుత్వం చెప్పదలచినది పత్రికలకూ ప్రజలకూ అందేలా రాయడం ఆయన ఉద్యోగం. వయసులో చిన్నవారు గనుక బతికున్నన్నాళ్ళూ ఆయనను ఏకవచనంతోనే పిలిచాను. ఇక్కడ మాత్రం గౌరవవాచకం వాడుతున్నాను. చూస్తే నవ్వేవారు.

అత్తవారింటికి నేను పొదిలి బస్సు దిగి నడిచి వెళ్ళేవాణ్ణి. ఆయన ఆఫీసు జీపు మీద దిగేవారు. జీపును క్షమించగలిగాను. క్షమించలేనిది మరొకటి ఉంది. మా అత్తగారికి కొడుకులు లేరు. మామగారు పోయాక ఆమె ఎవరింట్లో ఉండాలన్న మాట వచ్చినప్పుడు, పెద్దల్లుడి ఇల్లుండగా ఆమె బ్రాడీపేటకు మూట కట్టుకున్నారు. కారణం అడిగాను.

"మేస్టారుగారింట్లో తప్పు మాట్లాడతానేమోనని భయం నాయనా. అబ్బాయింట్లో అయితే నోటికొచ్చింది వాగొచ్చు" అన్నారు.

నేను ఎప్పటికీ మేస్టారుగారినే. ఆయన అబ్బాయి.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. ఏ ప్రకటన రాసినా, పత్రికలకు పంపే ముందు ఆయన దానిని అత్తగారి ముందు కూర్చుని చదివేవారు. ఆమె చేటలో ఎండుమిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తూ వినేవారు. చదవడం అయ్యాక ఆయన కాగితం మడిచి, "ఇప్పుడు మీరు చెప్పండత్తయ్యా, నేనేం చెప్పానో" అనేవారు. ఆమె తిరిగి చెప్పేవారు. ఆమె వదిలేసిన ముక్కను ఆయన కొట్టేసేవారు. ఆమె మరొకలా చెప్పిన ముక్కను మళ్ళీ రాసేవారు. పత్తికి పట్టిన పురుగు గురించైనా, మార్కెట్ యార్డు సెలవుల గురించైనా అదే పద్ధతి. "విన్నవాడు తిరిగి చెప్పలేకపోతే మనం చెప్పనట్టేనండీ అన్నయ్యగారూ" అనేవారు. మరోసారి, "ముందు రైతు ఏం చెయ్యాలో చెప్పాలండీ. మంత్రిగారు ఎక్కడికీ పోరు, రెండో పేరాలో కూర్చుంటారు" అన్నారు.

ఇది ఒక అధికారి చేయదగిన పని కాదని నేను అనుకునేవాణ్ణి. భాషను పండితుల ముందు పెట్టాలి గాని మిరపకాయల చేట ముందు పెట్టడమేమిటని.

మా అమ్మాయి జర్నలిజం చదివింది. పౌర సంబంధాల శాఖలో సహాయ అధికారి ఉద్యోగానికి నోటిఫికేషన్ పడినప్పుడు దానిని నేనే తయారు చేశాను. సంధులు, సమాసాలు, వ్యాసరచన, ఏదీ వదలలేదు. అది అన్ని పేపర్లలోనూ గట్టెక్కి, పత్రికా ప్రకటన రాసే పేపర్లో మాత్రం అర్హత మార్కులు అందుకోలేకపోయింది. అది తెలుగు పేపరు. నా కూతురు తెలుగులో తప్పింది. ఆ వారమంతా నేను పొదిలి బజారు వైపు వెళ్ళలేదు.

మళ్ళీ ఉద్యోగాలు పడ్డప్పుడు అది బట్టలు సర్దుకుంటూ, "నాన్నగారూ, నేను బ్రాడీపేట వెళ్తానండీ" అంది.

"ఏ కోచింగ్ సెంటరమ్మా?"

"కోచింగ్ సెంటర్ కాదండీ. బాబాయ్ దగ్గరికి."

వీధికో కోచింగ్ సెంటరున్న బ్రాడీపేటలో నాకు పోటీగా నిలిచినది ఒక్క ఇల్లే.

కొన్నాళ్ళకు చూడడానికి వెళ్ళాను. మేడమీద కొత్త మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. వసారాలో అత్తగారు చేటతోనూ, మా అమ్మాయి కాగితంతోనూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆనాటి అభ్యాసం అకాల వర్ష సూచన. కల్లాల్లో మిర్చి ఆరబోసిన రైతులకు హెచ్చరిక రాయాలి. ఎలా రాయాలో చూపిస్తానని నేనూ కలం తీశాను. ఋతుధర్మంతో మొదలుపెట్టి, రైతు శ్రమను స్మరించి, ప్రకృతి చేతిలో మానవుడి అల్పత్వాన్ని సూచిస్తూ, క్రియను చిట్టచివర నిలిపి, ఒకే వాక్యంలో సాధించాను. నిలబడి చదివాను.

అత్తగారు చేట పక్కన పెట్టి, పమిట కొంగు నోటికడ్డం పెట్టుకుని, "అయ్యో, ఎవరు పోయారు నాయనా?" అన్నారు.

మా అమ్మాయి తల తిప్పుకుంది. ఆయన నవ్వలేదు. "ఎవరూ పోలేదత్తయ్యా. వానొస్తందంట" అన్నారు.

"వానా! మరి ఆ ముక్క ముందు చెప్పరే! మేడమీద కాయలన్నీ ఆరబోసుంటే! ఒసే అమ్మడూ, లేవ్వే! పట్టా ఎక్కడ పెట్టార్రా అబ్బాయ్?"

"అమ్మమ్మా, ఉత్తుత్తి వానే. పరీక్ష కోసం!"

"నీ పరీక్ష ఎవరిక్కావాలే! కాయలు తడిస్తే బూజు పడతయ్యి. పదండి, పదండి! మేస్టారుగారూ, మీరు కూడా!"

ఆకాశంలో మేఘమన్నది లేదు. అయినా మేమంతా మేడెక్కి కాయలన్నీ గోతాలకెత్తాం. ఇస్త్రీ పంచెతో నేను గోతం నోరు పట్టుకుని తుమ్ముతుంటే, ఆయన రెండు చేతులా కాయలు తోడి పోస్తూ మెల్లగా అన్నారు: "అన్నయ్యగారూ, మీ వాక్యం పొదిలిలో బస్సెక్కి గుంటూరులో దిగుద్ది. మధ్యలో మంచినీళ్ళక్కూడా ఆగదు."

"నీ వాక్యం అసలు బస్సే ఎక్కదుగదయ్యా" అన్నాను.

"ఎక్కదండీ. పక్కింటికే నడిచెళ్ళి చెప్పొస్తది."

ఆ రోజు నుంచి నేను ఏ మాట కొంచెం గంభీరంగా మొదలుపెట్టినా అత్తగారు మేడ వైపు చూసి, "కాయలున్నాయా పైన?" అని అడగడం ఆ ఇంట్లో ఒక వేడుకగా మారింది. నాకు తప్ప అందరికీ వేడుకే.

రెండోసారి మా అమ్మాయి అర్హత సాధించింది. ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు తాడేపల్లిలో పనిచేస్తోంది. ఫలితం తెలిసిననాడు అది మొదట మొక్కినది ఆయన కాళ్ళకు. నాకు ఫోను తర్వాత వచ్చింది. మిఠాయి పొట్లంతో నేను వెళ్ళేసరికి వీధివాళ్ళు ఆయన చుట్టూ చేరి ఉన్నారు.

"ట్రైనింగంతా మీదేనంటగా సార్" అన్నారెవరో.

"పునాది వాళ్ళ నాన్నగారిదండీ. నేను సున్నం కొట్టానంతే" అన్నారాయన.

ఆయన గొప్పలు చెప్పుకుని ఉంటే నాకెంత సుఖంగా ఉండేది! ఎదుటివాడి మంచితనం అసూయను చల్లార్చదు. దానికి ఉన్న ఒక్క సాకును కూడా లాగేసుకుంటుంది.

ఆయనకు భాషాదోషాలు లేవని కాదు. ఒత్తులు తప్పేవి, దీర్ఘాలు జారేవి. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఉద్యోగంలో ఉన్నప్పుడు కాగితాల మీద, విరమించాక వాట్సాప్‌లో, ఏది రాసినా నాకు పంపి, "అన్నయ్యగారూ, దిద్దండి" అనేవారు. నేను శ్రద్ధగా దిద్దేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఆశగా దిద్దేవాణ్ణి. అక్షరదోషాలు దొరికేవి. తీసివేయవలసిన వాక్యం మాత్రం ఎన్నడూ దొరకలేదు. నేను రాసినది ఆయనకు పంపి "దిద్దవయ్యా" అని ఒక్కసారైనా అడగాలని నాకు తోచలేదు. తోచి ఉంటే ఈ రచన ఇంకా పొట్టిగా ఉండేది.

ఆ ఉదయం కారు మాట్లాడుకుని గుంటూరు చేరాం. నా భార్యను చెల్లెలి దగ్గర, ఆసుపత్రి వాకిట్లో దించి, నేను బ్రాడీపేట వెళ్ళాను. దారి పొడుగునా వాక్యం కూర్చుకుంటూనే ఉన్నాను. తొంభయ్యేళ్ళ మనిషికి చెప్పడమది. ఒక్కసారిగా చెబితే ఆమె ప్రాణానికే ముప్పు రావచ్చు. చుట్టి చెబితే అర్థం కాక, వాకిట్లో వాహనం ఆగినప్పుడు ఆమె ఒక్కరే ఆ దృశ్యాన్ని ఎదుర్కోవలసి రావచ్చు.

వసారాలో పక్కింటామె తోడుగా కూర్చుని ఉంది. అత్తగారు చేటలో కాయలు తొడిమలు తీస్తున్నారు. నన్ను చూసి, "రండి మేస్టారుగారూ. అబ్బాయిని రాత్రి ఆసుపత్రికి తీసుకెళ్ళారు, ఇంకా రాలేదు. కబురేమన్నా తెలిసిందా?" అన్నారు.

నేను ఆమె ఎదుట కూర్చున్నాను. ఆయన ఎప్పుడూ కూర్చునే చోటది. "అత్తయ్యగారూ, కాలం ఎవరి చేతిలోనూ లేదు. ఆకాశం ఎప్పుడు ఎలా మారుతుందో, ఎంతటివారమైనా..." అని మొదలుపెట్టాను.

ఆమె తలెత్తి మేడమెట్ల వైపు చూశారు. "మళ్ళీ వానా నాయనా? కాయలున్నాయా పైన?"

సంగతి తెలిసిన పక్కింటామె ఏడుపు ఆపుకుంటూ కొంగు నోట్లో కుక్కుకుంది. నా వాక్యం అక్కడే ఆగిపోయింది. ఆయన అయితే ఎలా చెప్పేవారో నాకు తెలుసు. ఆయన దగ్గర నేనూ నేర్చుకున్నానన్న సంగతి నాకు తెలిసినది అప్పుడే.

"వాన కాదత్తయ్యా. అబ్బాయి పోయాడు" అన్నాను.

ఆమె నన్ను చూశారు. తిరిగి చెప్పండని అడిగే మనిషి ఎదురుగా లేరు. నేను అడగలేదు. అయినా ఆమె అలవాటు చొప్పున, ఒక్క ముక్క వదలకుండా, ఒక్క ముక్క చేర్చకుండా తిరిగి చెప్పారు.

"అబ్బాయి పోయాడు."

ఆ మాటను ఆమె పలికిన తీరు విని, అప్పుడు కూడా, నేను ఆయన మీద అసూయపడ్డాను.

వీధి మలుపులో వాహనం చప్పుడు వినిపించింది. ఆమె వేళ్ళ మధ్య ఒక మిరపకాయ ఉంది. దాని తొడిమ దానికే ఉంది.