ఉప్పునీళ్లలో ఆపిల్ ముక్క

నా చిన్నప్పుడు, నేను పెద్దమనిషినైన రోజుల్లో, నన్ను వంటింటి పక్క చీకటి గదిలో తాటాకు చాప మీద కూర్చోబెట్టారు. గజపతినగరం దగ్గరి మా పల్లెలో అది ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. గడప దాటకూడదు, దేన్నీ తాకకూడదు. అంతకుముందు రోజూ దేవుడికి దీపం పెట్టేదాన్ని. ఆ పని చెల్లెలికి పోయింది. బడి కూడా ఇంతటితో సరి అని పెద్దవాళ్లు అనుకోవడం గోడ అవతలి నుంచి వినబడింది. తలుపు తీసే ఉండేది. అయినా ఊపిరాడేది కాదు.

కొత్తవలసలో కొత్తగా వేసిన రైలు దారి మీద పనిచేసే మా మావ నాకోసం ఒక ఆపిల్ తెచ్చాడు. జబ్బు మనుషులకు తప్ప ఎవరికీ కొనని పండు అది. మాకు సాయానికి వచ్చిన మా పిన్ని అందులో సగం కోసి, ముక్కలు ఆకులో పెట్టి గడప మీంచి జరిపింది. తినడానికి మనసొప్పక, ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని వాసన చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ముక్కలన్నీ గోధుమరంగుకు తిరిగిపోయాయి.

"సూసావేటే, ముట్టు సెయ్యి తగిలితే ఎలాగైపోనాదో!" అంది గడప అవతల కూర్చున్న నాన్నమ్మ.

నాకు ఏడుపొచ్చింది. ఇక ఈ చేతులతో దీపం పెడితే దేవుడు ఒప్పుకుంటాడా?

పిన్ని అక్కడే కత్తిపీట వేసుకుని కూరకు వంకాయలు తరిగింది. ముక్కలన్నీ ఉప్పునీళ్ల గిన్నెలో వేసి, ఒక్కటి మాత్రం నేల మీద వదిలేసింది. అది నల్లబడింది.

"ఒసే, ఆ ముక్క నీళ్లలో ఎయ్యవేటి? గాలి తగిలితే నల్లబడిపోదేటి? అదీ తెల్దా నీకు!" నాన్నమ్మ కసిరింది.

"మరి దీన్ని మన పిల్ల ముట్టుకోనేదు గదత్తా," అంది పిన్ని మెల్లగా.

నాన్నమ్మ ఆ నల్లబడిన ముక్కను చేతిలోకి తీసుకుని చూసింది. తర్వాత మిగిలిన సగం ఆపిల్ మీద రంగు మారిన పొర తీసేసి, తనే కోసింది. చిటికెడు ఉప్పు కలిపిన నీళ్లలో కాసేపు ఉంచి తీసి, ఆకులో పెట్టి నావైపు జరిపింది. చేతిలో మాత్రం పెట్టలేదు. నేను ఒక ముక్కను కావాలనే గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపటికీ తెల్లగానే ఉంది.

గదిలోంచి బయటికొచ్చాక దీపం మళ్లీ నేనే పెట్టాను. ఆ చేతులతోనే. బడి మాత్రం తిరిగి రాలేదు. నా చదువంతా ఇంట్లో, మాతోనే ఉండిపోయిన పిన్ని దగ్గరే. ఆవిడని నాకిచ్చినందుకు దేవుడికి ఈనాటికీ దణ్ణం పెట్టుకుంటాను.

మా మనవరాలు పెద్దమనిషైనప్పుడు నేనే ఆపిల్ కోశాను. ఉప్పునీళ్లలో ముంచి తీసి, దాని పక్కన కూర్చుని, ఆ ముక్క దాని చేతిలోనే పెట్టాను.